ఎదుటి దేశం భయం నటనేనా? అపోహలు - వాస్తవాలు

2020 జూన్‌లో గల్వాన్ లోయ ఘర్షణ వార్త వచ్చిన మర్నాడు రాత్రి మా వీధిలో ఉండే ఒక తల్లి మా ఇంటికి వచ్చారు. ఆమె కొడుకు సైన్యంలో చేరి అప్పటికి లడఖ్‌లో ఉన్నాడు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది మన సైనికులు అమరులయ్యారన్న వార్తతోనే వణికిపోతున్న ఆమెకు, రెండు రోజుల్లో యుద్ధం మొదలవుతుందని ఎవరో వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. "సార్, మనం వాళ్ల మీదికి పోమని చైనావాళ్లకు తెలుసు కదా, తెలిసి కూడా ఎందుకిలా చేస్తున్నారు?" అని అడిగారు. నేను అంతర్జాతీయ సంబంధాలు బోధిస్తూ ఇరవై ఏళ్లు దాటింది. తరగతిలోనూ, పెళ్లిళ్లలోనూ, రైలు ప్రయాణాల్లోనూ ఈ ప్రశ్న నాకు ఎదురవుతూనే ఉంటుంది. ఆ తల్లి కంగారును నేను అర్థం చేసుకోగలను కానీ, ఆ వీడియోను తయారుచేసి పంచినవారిని మాత్రం క్షమించలేను.

అపోహ: మన ఉద్దేశం ఎదుటి దేశానికి తెలుసు, తెలిసే భయపడుతున్నట్టు నటిస్తోంది.

వాస్తవం: చాలాసార్లు తెలియదు. మన ఉద్దేశం మన మనసులో ఉంటుంది. ఎదుటివారికి కనిపించేది మన చర్య ఒక్కటే. ప్రపంచ బలాబలాలు మారుతున్న కాలంలో ఆ చర్యను ప్రతి దేశమూ తన పాత గాయాల నుంచే చదువుకుంటుంది. 1959 నుంచి 1962 దాకా భారత్, చైనాల మధ్య నడిచిన కథను దగ్గరగా చూస్తే ఇది తేటతెల్లమవుతుంది.

1959 మార్చిలో టిబెట్ రాజధాని లాసాలో చైనా పాలనపై తిరుగుబాటు చెలరేగి దలైలామా మన దేశానికి వచ్చినప్పుడు, శరణు కోరినవారికి ఆశ్రయమివ్వడం ధర్మమని ఢిల్లీ భావించింది. టిబెట్‌ను తన నుంచి విడదీసి మధ్యలో అడ్డుగోడగా నిలబెట్టుకోవాలని భారత్ చూస్తోందని బీజింగ్ నమ్మింది. ఆ రోజుల్లో టిబెటన్ తిరుగుబాటుదారులకు అమెరికా గూఢచార సంస్థ సీఐఏ శిక్షణ, ఆయుధాలు ఇస్తున్న మాట నిజమే కాబట్టి, ఆ అనుమానం వేళ్లూనుకోవడానికి నేల కూడా దొరికింది. అటు చూస్తే, చైనా పశ్చిమాన ఉన్న సింకియాంగ్‌ను టిబెట్‌తో కలుపుతూ, మనం మనదంటున్న అక్సాయ్ చిన్ మీదుగా 1957లో పూర్తయిన రోడ్డు చైనా దృష్టిలో టిబెట్‌ను నిలుపుకోవడానికి తప్పనిసరి అవసరం. మన దృష్టిలో పంచశీల స్నేహం మాటున జరిగిన ఆక్రమణ.

1961 నవంబర్‌లో మన ప్రభుత్వం ఫార్వర్డ్ పాలసీ చేపట్టి, చైనా తనదంటున్న ప్రాంతాల్లోకి చిన్న చిన్న సైనిక పోస్టులను పంపడం మొదలుపెట్టింది. మనవాళ్లు పన్నెండు మంది ఉన్న చోటికి కూడా చైనావాళ్లు రావడం లేదన్న మన నిఘా సంస్థ ఇంటెలిజెన్స్ బ్యూరో అంచనా ఈ ధీమాకు ఒక ఆధారం. 1962 జూలై మొదట్లో ఒక గూర్ఖా దళం గల్వాన్ లోయలో పోస్టు పెట్టింది. కొద్ది రోజుల్లోనే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ మంది చైనా సైనికులు దాన్ని చుట్టుముట్టి, వంద గజాల దాకా వచ్చారు. మనవాళ్లు కదలలేదు. చైనావాళ్లు కాల్పులు జరపకుండా కొంత వెనక్కి జరిగారు కానీ, ముట్టడి మాత్రం విడవలేదు. పోస్టుకు తిండీ సామానూ విమానాల ద్వారానే అందుతూ వచ్చాయి.

ఈ ఒక్క ఘటన దగ్గరే నేను ప్రతి ఏడాదీ విద్యార్థులను ఆపుతాను. అప్పట్లో రెండు ప్రభుత్వాలు రాసుకున్న లేఖలను మన ప్రభుత్వం 1959 నుంచి శ్వేతపత్రాలుగా ప్రచురించింది. తరగతిని రెండుగా విడదీసి ఒక సగానికి ఢిల్లీ లేఖలు, మరో సగానికి బీజింగ్ లేఖలు ఇచ్చి, గల్వాన్‌లో ఏం జరిగిందో రాయమంటాను. మొదటి సగం దాదాపు ఎప్పుడూ "గట్టిగా నిలబడితే వాళ్లు తగ్గారు" అని రాస్తుంది. రెండో సగం "హెచ్చరించాం, ఓపిక పట్టాం, ఇక మీదట పట్టలేం" అని రాస్తుంది. ఒకసారి రెండో సగంలోని ఒక అమ్మాయి లేచి, "మేం కాల్చకుండా ఆగాం కాబట్టే వాళ్లకు అర్థమై ఉండాలి కదా సార్" అంది. అవతలి సగం ఆ మాటకు నివ్వెరపోయింది. నిజ చరిత్రలోనూ అంతే జరిగింది: ఆగడాన్ని ఢిల్లీ వెనకడుగుగా తీసుకుంది, పోస్టులు కొనసాగడాన్ని బీజింగ్ కవ్వింపుగా తీసుకుంది, లేఖలు నడుస్తూనే ఉన్నాయి, 1962 అక్టోబర్ 20న చైనా జరిపిన దాడిలో ఆ గల్వాన్ పోస్టు కూడా పడిపోయింది.

ఇంత చెప్పగానే "అయితే చైనాది తప్పు లేదంటారా?" అని నిలదీసేవారుంటారు. ఆ దాడిని నేను సమర్థించడం లేదు. మన గురించి బీజింగ్ వేసుకున్న అంచనా చాలావరకు తప్పేనని చెప్పే చరిత్రకారులతో నేను ఏకీభవిస్తాను. అయితే తప్పుడు అంచనా కూడా ఫిరంగులను కదిలిస్తుంది కాబట్టి, దాన్ని ముందుగా పసిగట్టడం మన సైనికుల ప్రాణాలకు సంబంధించిన విషయం.

మిగిలిన అపోహల గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో ఇబ్బందుల్లో ఉన్న ప్రత్యర్థి బయట గొడవకు దిగడన్నది వాటిలో ఒకటి. 1962 నాటికి చైనా ఘోరమైన కరువు నుంచి అప్పుడే తేరుకుంటోంది, తైవాన్ వైపు నుంచి దాడి జరుగుతుందని బెదిరి ఉంది, సోవియట్ యూనియన్‌తో తగవు ముదిరింది. ఇన్ని కష్టాలు చుట్టుముట్టిన దేశం యుద్ధానికి రాదని మనం అనుకుంటే, ఇన్ని కష్టాలు చుట్టుముట్టాయి కాబట్టే అందరూ కలిసి తనను నొక్కుతున్నారని అది అనుకుంది. ప్రతి ఘర్షణా యుద్ధానికి దారితీస్తుందన్నది మరొకటి. భారత్, చైనాల అధీనంలోని ప్రాంతాలను విడదీసే వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపరాదని 1996లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ఉంది. ఆ రాత్రి ఆ తల్లికి దీన్నే విడమరిచి చెప్పాను: ప్రాణాలు పోయిన ఆ జూన్ ఘర్షణలో కూడా తుపాకులు పేలలేదు. వీడియోలో చెప్పిన రెండు రోజులూ గడిచిపోయాయి.

గూఢచారులు ఎక్కువైతే భయం తగ్గుతుందన్నది చివరిది. 1981లో సోవియట్ నాయకత్వం అమెరికా అణుదాడికి సిద్ధమవుతోందేమో కనిపెట్టమని తన గూఢచార సంస్థ కేజీబీని పురమాయించింది. లండన్‌లోని కేజీబీ అధికారులు రాత్రిపూట బ్రిటన్ రక్షణ శాఖ కిటికీల్లో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో కూడా లెక్కపెట్టవలసి వచ్చింది. తమకు నమ్మకం లేకపోయినా అడిగారు కాబట్టి వాళ్లు రాసి పంపారు, ఆ రాతలు చూసి మాస్కో మరింత బెదిరింది. 1983 నవంబర్‌లో అమెరికా, దాని మిత్రదేశాల సైనిక కూటమి నాటో జరిపిన ఏబుల్ ఆర్చర్ అనే సైనిక విన్యాసాల నాటికి ఆ బెదురు పతాక స్థాయికి చేరింది. సోవియట్ భయమంతా చాలావరకు ప్రచారమేనని 1984లో అమెరికా నిఘా వర్గాలు తేల్చాయి. ఆ తీర్పు పొరపాటని, ముప్పు నిజంగానే దగ్గరగా వచ్చి ఉండవచ్చని 1990లో అమెరికా అధ్యక్షుడి సలహా మండలి ఒక నివేదిక రాసింది. ఆ నివేదిక ప్రజలకు అందుబాటులోకి వచ్చింది 2015లో.