డబ్బు లేకపోవడమే కాపాడిన నాటకశాల

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో రిచ్‌మండ్ ఒక చిన్న ఊరు. స్వేల్ నది ఒడ్డున పాత కోట, దాని పక్కన సంత వీధి, అక్కడి నుంచి చీలే ఇరుకు సందు. ఆ సందులో, బయటికి మామూలు గోదాములా కనిపించే రాతి కట్టడమే జార్జియన్ థియేటర్ రాయల్. 1788 సెప్టెంబర్ 2న మొదటి నాటకం ఆడింది.

ఆ ఏడాదే ఎందుకంటే, చట్టం మారింది. 1737 చట్టం ప్రకారం మాటల నాటకం ఆడే హక్కు లండన్‌లో రాజు అనుమతి పొందిన ఒకటి రెండు థియేటర్లకే ఉండేది. ఊళ్లు తిరిగే నాటక సమాజాలు దీనికి ఒక దొంగదారి కనిపెట్టాయి. టికెట్ సంగీత కచేరీకి, మధ్యలో ఆడే నాటకం మాత్రం ‘ఉచితం’. సంగతి అందరికీ తెలుసు, చూసీచూడనట్టు ఊరుకునేవాళ్లు. 1788లో పార్లమెంటు స్థానిక మేజిస్ట్రేట్లకు 60 రోజుల దాకా లైసెన్స్ ఇచ్చే అధికారం ఇచ్చింది. దాంతో రిపన్, హారోగేట్, బెవర్లీ, కెండల్ లాంటి ఊళ్లు తిరుగుతూ సమాజం నడిపే నటుడు శామ్యూల్ బట్లర్ రిచ్‌మండ్‌లో సొంత హాలు కట్టుకున్నాడు.

లోపల స్టేజీ ముందు గుంతలా ఉండే కూర్చునే చోటు ‘పిట్’, మూడు వైపులా చిన్న గదుల్లాంటి బాక్సులు, పైన గ్యాలరీ. వెలుతురంతా కొవ్వొత్తులదే. గ్యాలరీ బెంచీల ముందు చెక్క పలకలు ఉంటాయి. నాటకం నచ్చకపోతే జనం వాటిని కాళ్లతో తన్నేవాళ్లట. రివ్యూ రాసే పని లేకుండా!

1812లో బట్లర్ పోయాడు. కొడుకు 1830 దాకా నడిపి లీజు వదులుకున్నాడు. 1848కల్లా అది వేలంపాటల హాలయింది. పిట్ మీద నేల పరిచి, కింద వైన్ నిల్వకు ఇటుక కమాన్ల గదులు కట్టారు. తర్వాత ధాన్యం కొట్టు, ఫర్నిచర్ గది, రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితాల డిపో.

నన్నడిగితే ఆ హాలు బతికింది ఈ దుస్థితి వల్లే. లాభాలొచ్చే థియేటర్లను యజమానులు గ్యాస్ దీపాలు వచ్చినప్పుడో, ఫ్యాషన్ మారినప్పుడో పడగొట్టి కొత్తవి కట్టుకున్నారు. ఇక్కడ పడగొట్టేందుకైనా డబ్బు పెట్టాలని ఎవరికీ అనిపించలేదు. బాక్సులూ గ్యాలరీ అలాగే మిగిలాయి.

1943లో పట్టణ హక్కుల పత్రానికి 850 ఏళ్లు నిండినప్పుడు దుమ్ము దులిపి ఒక ప్రదర్శన పెట్టారు. అసలు పని మాత్రం 1960లో లేడీ క్రాథోర్న్ ముందుండి ట్రస్టు పెట్టాకే మొదలైంది. 1963లో తలుపులు తెరిచారు. 2003లో మళ్లీ పెద్ద మరమ్మతు జరిగింది. 1818–36 మధ్య గీసిన అడవి దృశ్యం తెరలు కూడా అక్కడే ఉన్నాయి. బ్రిటన్‌లో మిగిలిన స్టేజీ సెట్లలో అదే పాతదంటారు.

బట్లర్ కాలంలో ఇరుక్కుని 400 మంది దాకా కూర్చునేవాళ్లు. 1963 తర్వాత 214 సీట్లు, 2003 తర్వాత 154. భద్రతా నిబంధనలు, మోకాళ్లకు చోటు కావాలనే ప్రేక్షకులు కలిసి బాగుచేసిన ప్రతిసారీ హాలును చిన్నది చేశారు. 154 టికెట్లతో ఇంత పాత కట్టడాన్ని నడపడం కష్టం. అందుకే అది ఇప్పటికీ ట్రస్టు చేతిలో, విరాళాల మీద, జీతం లేకుండా పనిచేసే ఊరివాళ్ల మీద ఆధారపడి నడుస్తోంది.