చాట్ భద్రమే, బ్యాకప్ సంగతేమిటి? మెసేజింగ్ యాప్‌లపై అపోహలు - వాస్తవాలు

కార్యాలయాల్లో ఫోన్లు, కంప్యూటర్ల భద్రత చూడటం నా వృత్తి. ఏ యాప్ మంచిదని అందరూ అడుగుతారు. అందులో ఏయే సౌకర్యాలు ఆన్ చేసి ఉంచారని నేనడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు.

అపోహ: వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని రహస్య సంకేతాలుగా మార్చే ఏర్పాటు) ఉంది కాబట్టి మన మాటలు మూడో కంటికి పడవు.

వాస్తవం: సందేశం దారిలో ఉన్నంతవరకు నిజమే. 2016 నుంచి వాట్సాప్ వాడుతున్నది సిగ్నల్ ప్రోటోకాల్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ పద్ధతినే. దాన్ని ఛేదించే శ్రమ ఎవరూ పడనక్కర్లేదు, బ్యాకప్ ఉందిగా! మామూలు బ్యాకప్ గూగుల్ ఖాతాకో, ఐక్లౌడ్‌కో చేరుతుంది. దానికి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (కంపెనీ సైతం చదవలేని తాళం) 2021లో వచ్చింది కానీ, మనంతట మనం ఆన్ చేసుకోవాలి. చాట్ బ్యాకప్ సెట్టింగ్‌లోకి వెళ్లి పాస్‌వర్డో, 64 అక్షరాల కీయో పెట్టుకోవచ్చు. ఫోను చేతిలో ఉండగా పాస్‌వర్డ్ మరిచిపోతే మార్చుకోవచ్చు. ఫోను పోయాక గుర్తు రాకపోతే పాత చాట్లు వదులుకోవలసిందే, తెరవడం కంపెనీ వల్ల కూడా కాదు. అందుకే లాయర్లకు, విలేఖరులకు, డాక్టర్లకు తప్పక పెట్టుకోమంటాను. మనవడి ఫొటోలే ఆస్తిగా చూసుకునే తాతగారిని దీని జోలికి పోవద్దంటాను. ఇంకో మెలిక: మీరెంత జాగ్రత్తపడినా, అవతలి వ్యక్తి తన బ్యాకప్‌కు ఈ తాళం వేయకపోతే అందులో మీ మాటలు అలాగే ఉంటాయి.

అపోహ: టెలిగ్రామ్ పూర్తి రహస్యం.

వాస్తవం: ఇంత బలంగా నాటుకున్న అపోహ ఈ రంగంలో మరొకటి లేదు. అందులో పంపే సందేశాల్లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ‘సీక్రెట్ చాట్’ అని విడిగా తెరిచే చాట్‌కు మాత్రమే. అది ఇద్దరి మధ్యే, మొదలుపెట్టిన పరికరాల్లోనే నడుస్తుంది. గ్రూపు చాట్లకు లేదు. కొత్త ఫోనులో లాగిన్ కాగానే ఏళ్లనాటి చాట్లు ప్రత్యక్షమవుతాయంటే అవి కంపెనీ సర్వర్లలో ఉన్నట్టే కదా!

అపోహ: సిగ్నల్ యాప్ వాడితే మనమెవరో ఎవరికీ తెలియదు.

వాస్తవం: ఖాతా తెరవడానికి ఫోను నంబరు ఇవ్వాల్సిందే. 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకుని ఆ నంబరును ఇతరులకు కనిపించకుండా చేయవచ్చు. అయినా సిగ్నల్ దాచుకునేది బహు తక్కువ: 2016లో అమెరికాలోని వర్జీనియా గ్రాండ్ జ్యూరీ (నేరారోపణకు ఆధారాలు పరిశీలించే పౌరుల బృందం) వివరాలడిగితే, ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ తప్ప ఇవ్వడానికి వారి దగ్గర ఏమీ లేకపోయింది.

అపోహ: మాయమయ్యే సందేశాలకు జాడ ఉండదు.

వాస్తవం: పక్కన ఇంకో ఫోను పెట్టి ఫొటో తీస్తే చాలు.

అపోహ: హ్యాకర్లకు తప్ప మన చాట్లు చదవడం ఇంకెవరికీ సాధ్యం కాదు.

వాస్తవం: జిరాక్స్ షాపులో ఆధార్ ప్రింటు కోసం వాట్సాప్ వెబ్ స్కాన్ చేసి, లాగౌట్ మరిచి వచ్చేవారు కోకొల్లలు. ఎవరి ఫోను నా చేతికిచ్చినా ముందు వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (ఖాతాకు కలిపిన పరికరాల) జాబితానే తెరుస్తాను. అందులో మీది కాని కంప్యూటర్ కనిపిస్తే ఆ షాపుదాకా పరుగెత్తనక్కర్లేదు, దానిపై నొక్కి అక్కడికక్కడే లాగౌట్ చేయవచ్చు.