ఒకే మోకాలు, మూడుసార్లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ రక్షణ జట్టు ముందు వరుసకు నాలుగైదు గజాల వెనుక నిలబడతాడు. బంతితో దూసుకొచ్చేవాడికి ఎదురెళ్లి పడగొట్టాలా, గాలిలో వస్తున్న బంతిని అడ్డుకోవాలా, లేక బంతి విసరబోయేవాడి మీదికే దూకాలా అన్నది అతడు సెకను గడవకముందే తేల్చుకోవాలి. కబడ్డీ చూసేవారికి ఈ పని తెలిసినదే. కూతకు వచ్చినవాడి నడుము ఎటు తిరుగుతోందో పసిగట్టి అటే మళ్లి పట్టు వేయడం లాంటిదే ఇదీను. కాకపోతే ఇక్కడ ఇద్దరిలో ప్రతి ఒక్కరూ వంద కిలోలకు అటూ ఇటూ ఉంటారు, ఇద్దరూ పూర్తి వేగంతో పరుగెత్తుతూ ఉంటారు. ఆ వేగాన్ని హఠాత్తుగా ఆపి దిశ మార్చినప్పుడల్లా ఆ భారమంతా మొదట మోకాలి మీదనే పడుతుంది.

అలాంటి ఒక మోకాలి కథే థామస్ డేవిస్ క్రీడాజీవితం. 1983లో పుట్టిన డేవిస్ జార్జియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడి, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే 2005 డ్రాఫ్ట్‌లో పద్నాలుగో ఎంపికగా, అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లోని కరోలినా పాంథర్స్‌లో చేరాడు. కాలేజీలో అతడిది సేఫ్టీ స్థానం, అంటే మైదానంలో అందరికంటే వెనుక ఉండే కాపలా. పాంథర్స్ అతడిని ముందుకు తెచ్చి లైన్‌బ్యాకర్‌గా మార్చారు. 185 సెంటీమీటర్ల ఎత్తు, 107 కిలోల బరువు ఉండి కూడా సేఫ్టీలా పరుగెత్తగలగడం అతడి బలం. 2009 నవంబరులో న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన మ్యాచ్‌లో అతడి కుడి మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్, అంటే ఎముకలను కలిపి కట్టే పట్టీ, తెగింది. 2010 జూన్‌లో, సీజన్ ఇంకా మొదలు కాకముందే, సాధనలో అదే మోకాలిలో అదే లిగమెంట్ మళ్లీ తెగింది. ఆ ఏడాది అతడు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2011 సెప్టెంబరులో, సీజన్ రెండో మ్యాచ్‌లో, గ్రీన్ బే జట్టు మీద ఆడుతుండగా మూడోసారి తెగింది. ఇదంతా 22 నెలల వ్యవధిలో జరిగింది.

ఏసీఎల్ అంటే తొడ ఎముకనూ దాని కింది ఎముకనూ మోకాలి నడుమ ఏటవాలుగా కట్టి ఉంచే లిగమెంట్. దాని వెనుక మరొకటి ఎదురు దిశలో దాటుతుంది. రెండూ కలిసి ఇంటూ గుర్తులా కనిపిస్తాయి. ఏసీఎల్ పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, వెడల్పు దాదాపు ఒక సెంటీమీటరు. ఈ చిన్న పట్టీ బలాన్ని 1991లో ప్రయోగశాలలో కొలిచినప్పుడు, యువకుల లిగమెంట్ తెగడానికి సగటున 2,160 న్యూటన్ల బలం కావలసి వచ్చింది. అంటే దాదాపు 220 కిలోల బరువును దానికి వేలాడదీసినట్టు. మామూలు నడక, పరుగు దాన్ని ఆ హద్దు దగ్గరకు కూడా తీసుకుపోవు. ప్రమాదమంతా పాదం నేలకు గట్టిగా ఆనుకుని ఉండగా మోకాలు కొద్దిగా వంగి, లోపలివైపు ఒరిగి, కింది ఎముక మెలితిరిగే భంగిమలో ఉంది. చాలా సందర్భాల్లో ఎదుటివాడు తాకనే తాకడు. హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ క్రీడాకారిణుల గాయాల వీడియోలను చిత్రం చిత్రంగా విశ్లేషించిన పరిశోధకులు, పాదం నేలను తాకిన దాదాపు 40 మిల్లీసెకన్లలోనే లిగమెంట్ తెగుతోందని అంచనా వేశారు. దీన్ని రెప్పపాటు అనడానికి కూడా లేదు, రెప్ప వాలి లేవడానికి కనీసం అంతకు రెట్టింపు సమయం పడుతుంది. కంటితో చూసి కాలు సర్దుకోవడానికి మెదడుకు ఐదారింతల వ్యవధి కావాలి. కనుక ఆ క్షణంలో ‘జాగ్రత్తగా ఉండటం’ అన్నది సాధ్యమయ్యే పని కాదు.

పడిపోయిన ఆటగాడి దగ్గరకు పరుగెత్తే వైద్యుడు మొదట చేసే పరీక్షకు ఏ యంత్రమూ అక్కరలేదు. మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగి చూస్తాడు. లిగమెంట్ బాగుంటే కొంచెం కదిలి, తాడు బిగిసినట్టు టక్కున ఆగుతుంది. తెగి ఉంటే ఎక్కడా ఆగకుండా మెత్తగా జారి వస్తుంది. ఆ జారుడును బట్టే చాలామంది వైద్యులకు ఎంఆర్ఐ తీయకముందే సంగతి అర్థమైపోతుంది. తర్వాత కీలులోకి కెమెరా పంపి చూస్తే, తెగిన కొసలు పాత కొబ్బరి తాడులా పీచులు పీచులుగా విడిపోయి కనిపిస్తాయి.

ఆ పీచులు వాటంతట అవి అతుక్కోవడం అరుదు, దానికి కారణం అవి ఉన్న చోటు. శరీరంలో మరెక్కడ గాయమైనా ముందు రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డే కొత్త కణజాలానికి పునాది అవుతుంది. ఏసీఎల్ చుట్టూ కీలు ద్రవం ఉంటుంది కాబట్టి రక్తపు గడ్డ అక్కడ నిలవకుండా కరిగిపోతుంది. మోకాలి లోపలి పక్కన, కీలుకు బయట ఉండే మరో లిగమెంట్ తెగితే తరచూ కత్తి పెట్టకుండానే నయమవుతుంది. అందుకే ఏసీఎల్‌ను కుట్టి సరిపెట్టకుండా కొత్తదాన్ని అమరుస్తారు. మోకాలి చిప్ప కింది టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ)లో మధ్య మూడో వంతునో, తొడ వెనుక కండరాల టెండన్‌నో తీసి, రెండు ఎముకల్లోనూ సొరంగాలు తొలిచి, వాటిగుండా లాగి బిగిస్తారు. దాత శరీరం నుంచి తీసిన టెండన్‌ను వాడటమూ ఉంది.

డేవిస్ ఉదంతాన్ని అర్థం చేసుకోవడానికి నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఆ తర్వాతి దశ. అమర్చిన టెండన్‌కు రక్తప్రసరణ ఉండదు కాబట్టి దానిలోని కణాలు మొదట చనిపోతాయి. మిగిలిన పీచుల చట్రంలోకి నెమ్మదిగా కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు చేరి దాన్ని లిగమెంట్ లాంటిదిగా మలుస్తాయి. ఈ మార్పు జరిగే తొలి నెలల్లో అది శస్త్రచికిత్స నాటి కంటే బలహీనంగా ఉంటుంది. చిక్కేమిటంటే సరిగ్గా ఆ రోజుల్లోనే వాపు తగ్గి, నొప్పి పోయి, ఆటగాడు ‘నేను బాగున్నాను’ అనడం మొదలుపెడతాడు. పూర్తిగా పరిపక్వం కావడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. పైగా తెగిన లిగమెంట్‌తో పాటు మోకాలి స్థితిని మెదడుకు తెలిపే నరాల కొసలూ పోతాయి, తొడ ముందు కండరం నెలల తరబడి పూర్తి శక్తితో బిగుసుకోదు. 2016లో నార్వే, అమెరికా పరిశోధకులు నూటికి పైగా రోగుల మీద ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిదో నెల వరకు ఆటకు తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకు మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గినట్టు తేలింది. డేవిస్‌కు రెండో గాయం తగిలింది మొదటిదానికి ఏడు నెలలకే.

అయితే ఈ లెక్క ఒక్కటే చాలదు. రెండో గాయానికీ మూడోదానికీ మధ్య పదిహేను నెలలు గడిచాయి, తొందరపాటు అనే వివరణ అక్కడికి అంతగా అతకదు. రెండోసారి చేసే శస్త్రచికిత్సకు పాత సొరంగాలు అడ్డొస్తాయి, మొదటిసారి వాడిన టెండన్ మిగిలి ఉండదు, మృదులాస్థి కూడా ఎంతోకొంత దెబ్బతిని ఉంటుంది. అలా తిరిగి అమర్చినవి విఫలమయ్యే రేటు మొదటివాటి కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువని అనేక అధ్యయనాలను క్రోడీకరించిన ఒక సమీక్ష చెప్పింది. మోకాలి కింది ఎముక పైభాగం వెనక్కి ఎంత ఏటవాలుగా ఉందన్న పుట్టుకతో వచ్చిన తీరు కూడా ఇందులో లెక్కలోకి వస్తుంది.

ఇలాంటివారికి పత్రికలు ‘గాయాల బెడద ఉన్న ఆటగాడు’ అని ముద్ర వేస్తాయి. గాయపడటం మనిషి స్వభావమన్నట్టు ధ్వనించే ఈ మాటతో నాకు పేచీ ఉంది. డాలస్ కౌబాయ్స్ లైన్‌బ్యాకర్ షాన్ లీకి కాలేజీలోనే ఏసీఎల్ తెగింది, 2014లో మళ్లీ తెగింది, మధ్యలోనూ తర్వాతా కాలి వేలు, తొడ వెనుక కండరాలు అతడిని ఆటకు దూరం చేస్తూ వచ్చాయి. అతడి గాయాలు ఒళ్లంతా తిరిగాయి, డేవిస్‌వి ఒక్క కీలును పట్టుకుని వదల్లేదు. ఇద్దరినీ ఒకే ముద్ర కింద చేర్చితే తెలిసేది తక్కువ. తర్వాతి గాయాన్ని అంచనా వేయడానికి పరిశోధకులకు దొరికిన గట్టి ఆధారాల్లో ఒకటి అంతకుముందు తగిలిన గాయమే. అంటే ముద్ర పడవలసింది మనిషి మీద కాదు, పాత గాయం ఎంతవరకు మానిందన్న ప్రశ్న మీద.

మూడో శస్త్రచికిత్స తర్వాత 2012లో డేవిస్ తిరిగి వచ్చాడు. ఒకే మోకాలిలో మూడుసార్లు ఏసీఎల్ తెగాక ఈ లీగ్‌లో మళ్లీ ఆడినవారు అంతకుముందు ఎవరూ ఉన్నట్టు తెలియదు. ఆ తర్వాత ఆ లిగమెంట్ తెగలేదు. 2013లో వందకు పైగా ట్యాకిల్స్ చేశాడు, అంటే బంతితో వస్తున్నవారిని అన్నిసార్లు పడగొట్టాడు. సమాజసేవకు ఇచ్చే వాల్టర్ పేటన్ పురస్కారం 2014కు గాను అందుకున్నాడు. 2015 సీజన్‌లో, 32 ఏళ్ల వయసులో, లీగ్‌లోని మేటి ఆటగాళ్లను ఎంచే ప్రో బౌల్‌కు మొదటిసారి ఎంపికయ్యాడు.

ఆ సీజన్ చివర్లో విరిగింది చెయ్యి. 2016 జనవరి 24న అరిజోనా కార్డినల్స్ మీద గెలిచిన మ్యాచ్‌లో అతడి ముంజేతి ఎముక విరిగింది. మర్నాడే వైద్యులు లోహపు ప్లేటు పెట్టి, డజనుకు అటూ ఇటూ స్క్రూలతో బిగించారు. 14 రోజుల తర్వాత, ఫిబ్రవరి 7న, శాంటా క్లారాలో డెన్వర్ బ్రాంకోస్‌తో జరిగిన 50వ సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, చేతికి రక్షణ కవచం తొడుక్కుని అతడు మైదానంలో దిగాడు. మోకాలు ఏళ్లు తినేస్తే చెయ్యి రెండు వారాల్లో ఎలా బాగైందని అడిగితే, బాగవలేదన్నదే జవాబు. ఎముక కీలు ద్రవంలో మునిగి ఉండదు కాబట్టి రక్తం గడ్డకట్టి అతుక్కోవడమైతే వెంటనే మొదలవుతుంది, కానీ గట్టిపడటానికి వారాలూ నెలలూ పడుతుంది. ఆ సాయంత్రం ప్రతి ట్యాకిల్ బరువునూ మోసింది ప్రధానంగా లోహమే. ఏసీఎల్ స్థానంలో అలా ప్లేటు బిగించే వీలు లేదు, ఎందుకంటే అది వంగాలి, మెలితిరగాలి, మళ్లీ బిగియాలి. పాంథర్స్ 24-10 తేడాతో ఓడిపోయారు.

డేవిస్ కథలో మెచ్చుకోదగనివీ ఉన్నాయి. 2017 డిసెంబరులో గ్రీన్ బే ఆటగాడు డవాంటే ఆడమ్స్ తలను తన హెల్మెట్‌తో ఢీకొట్టినందుకు లీగ్ అతడిని సస్పెండ్ చేసింది. నిషిద్ధ పదార్థాల నిబంధనను ఉల్లంఘించినందుకు 2018 సీజన్ తొలి నాలుగు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ఎదుటివాడి శరీరానికి గాయం చేయగల శక్తీ, తన శరీరం గాయపడే అవకాశమూ ఒకే వేగం నుంచి పుట్టే ఆట ఇది.

2019లో అతడు లాస్ ఏంజెలెస్ చార్జర్స్‌కు మారి, 36 ఏళ్ల వయసులో 112 ట్యాకిల్స్ చేశాడు. ఆ మరుసటి ఏడాది వాషింగ్టన్ తరఫున కొన్ని మ్యాచ్‌లు ఆడి, 2021లో పాంథర్స్‌తో ఒక్కరోజు ఒప్పందం మీద సంతకం చేసి ఆట మానేశాడు. అప్పటికి అతడి కుడి మోకాలిలో ఉన్నది 2011లో మూడోసారి అమర్చిన లిగమెంటే.