లోపల ఎర్రగా కనిపించినంత మాత్రాన టర్కీ పచ్చిది కాదు: స్పాచ్‌కాక్ అపోహలు, వాస్తవాలు

అమెరికాలో డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లకు కేటరింగ్ చేస్తాను. ఇక్కడివాళ్లు టర్కీ కోడిని కాల్చుకునే థాంక్స్‌గివింగ్ పండగ వారం వచ్చిందంటే ఆర్డర్లతో పాటు ఫోన్లూ మొదలవుతాయి. ఇంట్లోనే టర్కీ చేసుకుంటున్నవాళ్లు, అందులోనూ వెన్నెముక కత్తిరించి తీసేసి, కోడిని వెడల్పుగా పరిచి కాల్చే స్పాచ్‌కాక్ పద్ధతి కొత్తగా పట్టుకున్నవాళ్లు, అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, లోపల ఎర్రగా ఉంది. ఇంకో గంట పెట్టమంటావా?" వద్దు. ఆ ఇంకో గంటే మాంసాన్ని పీచు చేస్తోంది. అది తిన్నవాళ్లు టర్కీ అంటేనే రుచిలేని కోడి అని తీర్మానించేస్తున్నారు.

అపోహ: ఎర్రగా ఉంటే ఉడకనట్టు, పైన బాగా రంగు తిరిగితే ఉడికినట్టు

రెండూ తప్పే. టర్కీ ఉడికిందో లేదో రంగును బట్టి చెప్పలేం, మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్‌తోనే తెలుస్తుంది. బ్రెస్ట్‌లో బాగా మందంగా ఉన్న చోట, తొడ లోపలి వైపు, రెక్క మొదట్లో, ఈ మూడు చోట్లా 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. సెల్సియస్‌లో 74. ఇది అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. 165 వచ్చాక లోపల గులాబీ రంగు కనిపించినా తినొచ్చు. 140 దగ్గర తెల్లగా కనిపించినా తినకూడదు.

మనకు ఈ ఎరుపంటే ఇంత భయం ఎందుకో నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి మనం తిన్న కోడికూరలో ముక్క పులుసులో మరుగుతుంది. మరిగే పులుసంటే 212 డిగ్రీలు. నాటుకోడిని కుక్కర్‌లో పెడితే ఇంకా పైమాటే. ఆ వేడిలో అంతసేపు ఉడికాక ఎరుపు మిగలదు. ఓవెన్‌లో మనం ఆపేది 165 దగ్గర. పైగా ఇక్కడ దుకాణాల్లో దొరికే టర్కీలు లేతవి, మూడు నుంచి ఐదు నెలల లోపే కోసేస్తారు. ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. గడ్డకట్టించి కరిగించినప్పుడు ఎముక లోపలి మూలుగ రంగు కీళ్ల చుట్టూ మాంసంలోకి దిగుతుంది. తొడ కీలు దగ్గర కోసినప్పుడు కనిపించేది చాలాసార్లు అదే.

ఒకసారి పండగ రోజు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అత్తమామలు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. గొంతు వణుకుతోంది. "అన్నా, తొడ దగ్గర కోస్తే ఎర్రగా నీరు కారుతోంది. అత్తయ్య పచ్చిగా ఉందంటున్నారు."

"థర్మామీటర్ ఎంత చూపిస్తోందమ్మా?"

"నూట డెబ్బై రెండు."

ఎక్కడ గుచ్చిందో రెండుసార్లు చెప్పించుకున్నాను. సరిగ్గానే గుచ్చింది. బ్రెస్ట్, రెక్క కూడా చూడమన్నాను, అవీ 165 దాటాయి. ఓవెన్ కట్టేసి ఫోన్ అత్తయ్యగారికి ఇమ్మన్నాను. ఆవిడ భయంలో తప్పేమీ లేదు. ఇంట్లో రెండేళ్ల మనవడు ఉన్నాడు. పులుసు సంగతి, లేత ఎముక సంగతి వివరంగా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు. "అయితే బిడ్డకు పెట్టొచ్చా నాయనా?" పెట్టొచ్చమ్మా అన్నాను. తర్వాత ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది, మొదటి ముక్క ఆవిడే ఒలిచి మనవడికి తినిపించారట.

థర్మామీటర్ ఉన్నా ఎలా గుచ్చాలో తెలియక తప్పు అంకె చూసేవాళ్లు ఎక్కువ. పైనుంచి నిలువుగా పొడవకండి. మెడ వైపు నుంచి, ట్రేకు సమాంతరంగా, బ్రెస్ట్ మందంలోకి పోనివ్వండి. ఎముక తగిలితే ఆ అంకెను నమ్మకండి. లోపలికి పోనిచ్చి, మెల్లగా వెనక్కి లాగుతూ అంకెలు చూడండి. ఒక చోట అన్నిటికంటే తక్కువ చూపిస్తుంది, మీకు కావలసింది ఆ అంకె. ఖరీదైనది అక్కర్లేదు, మామూలు డిజిటల్‌ది చాలు. కొన్న రోజే గ్లాసు నిండా ఐస్ వేసి కాస్త నీళ్లు పోసి, బాగా కలిపి ముంచి చూడండి. 32 చూపిస్తే మంచిదే.

అపోహ: పౌండుకు 15 నిమిషాలు

ప్యాకెట్ మీది పట్టిక చూసి నష్టపోయేది స్పాచ్‌కాక్ చేసేవాళ్లే. ఆ లెక్క పరచని కోడికి, 325 డిగ్రీలకు. 12 నుంచి 14 పౌండ్ల కోడి అలా మూడు గంటలు దాటుతుంది. పరిచి 425లో పెడితే గంటా ఇరవై నుంచి గంటన్నరలో అయిపోతుంది. పరచని కోడిలో బ్రెస్ట్ పైకి ఎత్తుగా ఉంటుంది, తొడలు కింద దాక్కుంటాయి. తొడ ఉడికేసరికి బ్రెస్ట్ ఎండిపోతుంది. పరిస్తే తొడలు పక్కలకు వచ్చి నేరుగా సెగ తగులుతుంది. బ్రెస్ట్ 165కు వచ్చేసరికి తొడ 175 దగ్గర ఉంటుంది. తొడ మాంసం మెత్తబడాలంటే ఆ మాత్రం వేడి కావాలి కూడా. గంట కాగానే మొదటిసారి గుచ్చి చూడండి. బ్రెస్ట్ 160 దగ్గర తీసినా వేడి లోపలికి పాకి 165కు చేరుతుంది, కానీ థర్మామీటర్ గుచ్చే ఉంచి చేరిందని కళ్లారా చూడండి. చేరకపోతే మళ్లీ లోపల పెట్టండి. ఇంట్లో గర్భిణులు, పసివాళ్లు, బాగా పెద్దవాళ్లు ఉంటే 165 ఓవెన్‌లోనే రానివ్వండి. కోసే ముందు 20 నిమిషాలైనా ఆగండి.

పరిస్తే నీరంతా పోయి ఎండిపోతుందనేది వట్టి పుకారు. ఓవెన్‌లో ఉండే సమయం సగానికి తగ్గాక ఎండేది ఎక్కడ? కోడికి గుచ్చి వచ్చే, ఉడికితే పైకి లేచే ప్లాస్టిక్ పాప్-అప్ బటన్‌ను మాత్రం నమ్మకండి, అది ఒకే చోటు చూస్తుంది, చాలాసార్లు ఆలస్యంగా లేస్తుంది.

అపోహ: తందూరీలా మసాలా పైన పట్టించాలి

మసాలా వేసుకోండి, వద్దనను. కానీ పెరుగు, అల్లం వెల్లుల్లి పేస్ట్, కారం తోలు మీద పూసి 425లో పెడితే లోపల ఉడికే లోపే పైన మాడి చేదెక్కుతుంది. తోలు కరకరలాడదు, తడికి సాగుతుంది. వేళ్లతో తోలును బ్రెస్ట్ మీది నుంచి మెల్లగా విడదీసి, ఆ మసాలాను తోలు కింద మాంసానికి పట్టించండి. పైన ఉప్పు మాత్రమే చల్లి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి, తోలు ఆరుతుంది. ప్యాకెట్ మీద ఉప్పునీటి ద్రావణం కలిపామని రాసి ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే మీ ఉప్పు బాగా తగ్గించాలి. ట్రేలో కోడి కింద ఉల్లిపాయ, క్యారెట్ ముక్కలు పరిచి కాసిని నీళ్లు పోస్తే కారే కొవ్వు మాడి పొగ రాదు, అపార్ట్‌మెంట్‌లో అలారం మోగదు.

అపోహ: పసుపు, ఉప్పు వేసి కడగకపోతే నీచు పోదు

ఊళ్లో అప్పుడే కోసిన కోడికి అది మన అలవాటు. ఇక్కడ శుభ్రం చేసి ప్యాక్ చేసిన కోడి వస్తుంది. సింక్‌లో కడిగితే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా చిమ్మి పక్కనున్న కొత్తిమీర మీద, గిన్నెల మీద పడతాయి. కోడి మీది తడిని పేపర్ టవల్‌తో అద్ది, ఆ టవల్ పారేయండి. నీచు వాసన ఉప్పుకు, మసాలాకు పోతుంది.

గడ్డకట్టిన టర్కీని కరిగించడం గురించి. వంటింటి గట్టు మీద రాత్రంతా పెట్టొద్దు. ఫ్రిజ్‌లో నాలుగైదు పౌండ్లకు ఒక రోజు చొప్పున పడుతుంది. పండగ గురువారం కాబట్టి 12 పౌండ్ల కోడి ఆదివారమే ఫ్రిజ్‌లోకి దిగాలి. మర్చిపోతే ప్యాకెట్‌తోనే చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మారుస్తూ, పౌండుకు అరగంట లెక్కన ఉంచి వెంటనే వండేయండి. వెన్ను దగ్గర ఇంకా గడ్డ ఉంటే కత్తెర దిగదు, బలవంతం చేస్తే చెయ్యి తెగుతుంది. తీసిన వెన్నెముక, మెడ పారేయకండి, మిరియాలు వేసి మరిగిస్తే గ్రేవీకి మంచి చారు వస్తుంది.

మిగిలిన మాంసం రెండు గంటల లోపు ఎముక నుంచి ఒలిచి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజులు ఉంటుంది. దానితో కూర చేస్తే ముందు మసాలా పూర్తిగా వేగనిచ్చి, పులుసు దగ్గరపడ్డాక చివర్లో ముక్కలు వేసి, బాగా వేడెక్కగానే దించేయండి.