చప్పట్లు సరే, బురుజు చూశారా? గోల్కొండ మీద అపోహలు - వాస్తవాలు

గోల్కొండకి వచ్చేవాళ్లని తిప్పి చూపించడం నా పని. దాదాపు అందరిదీ ఒకటే వరస: చప్పట్లు కొడతారు, మెట్లెక్కుతారు, పైన సెల్ఫీ దిగుతారు, వెళ్లిపోతారు. ఇన్నేళ్లు కోటని కాపాడిన బయటి గోడని మాత్రం కారు అద్దంలోంచి చూసి ఊరుకుంటారు. దారిలో వాళ్లడిగే ప్రశ్నల్లోంచే ఈ అపోహలు.

అపోహ: ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది.

కాదు. చప్పట్ల చోటు లోపలి కోటకి ద్వారమైన బాలాహిసార్ దర్వాజా దాటగానే ఉన్న గుమ్మటం కింద. ఫతే దర్వాజా అంటే లంగర్‌హౌస్ వైపు నుంచి వస్తే మీ బస్సు దూరి వచ్చే బయటి గోడ ద్వారం. రెండింటికీ మధ్య బోలెడు దూరం. చప్పట్ల తొందరలో ఎవరూ చూడరుగానీ, బాలాహిసార్ దర్వాజా ఎదురుగా ఒక అడ్డుగోడ ఉంటుంది. ఏనుగు పరిగెత్తుకొచ్చి తలుపుని కుమ్మకుండా కట్టింది అది. అక్కడ మనిషైనా పక్కకి తిరిగే లోపలికి రావాలి.

అపోహ: బురుజులు కాపలాకి, కాస్త అందానికి.

ఇది విన్నప్పుడల్లా జనాన్ని గోడ దగ్గరికి తీసుకెళ్తాను. తిన్నని గోడ మీద నిలబడ్డవాడికి సరిగ్గా తన కాళ్ల కింద నిచ్చెన వేస్తున్న శత్రువు కనబడడు. చూడాలంటే ఒళ్లు బయటికి వంచాలి, వంచితే బాణమో తూటానో తగులుతుంది. బురుజు గోడలోంచి ముందుకి పొడుచుకొస్తుంది కాబట్టి, అక్కడి నుంచి రెండు పక్కలా గోడ పొడవునా కాల్చొచ్చు. ఈ బురుజు అడుగుని ఆ పక్క బురుజు కాస్తుంది. బయటి గోడకి ఇలాంటివి 87 అని లెక్క. గుండ్రంగా ఎందుకంటే, ఫిరంగి గుండు తగిలితే మూల ఊడినంత సులువుగా గుండ్రటి ముఖం ఊడదు. పైన ఫిరంగిని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

పేట్ల బురుజు పేరులోనే పొట్ట ఉంది, ఉర్దూలో పేట్ అంటే పొట్టే. ఫతే రహబర్ ఫిరంగి ఉన్నది దాని మీదే. నయాఖిలాలో, అంటే తర్వాత కలిపిన కొత్త కోటలో, ఇంకో బురుజుకి ఏకంగా తొమ్మిది పొట్టలు! అసలు నయాఖిలా కట్టిందే ఒక భయంతో. 1656లో ఔరంగజేబు, అప్పటికింకా యువరాజు, కోటని ముట్టడించి వెళ్లాడు. ఈశాన్యాన ఉన్న గుట్ట శత్రువు చేతికి చిక్కితే అక్కడి నుంచి కోటలోకే గురిపెట్టొచ్చు. అందుకే అప్పటి గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఆ గుట్టని కూడా గోడలో కలిపేశాడు. జనం అక్కడికి ‘హతియాన్ కా ఝాడ్’ అనే పేద్ద చెట్టు కోసం వెళ్తారు. చెట్టూ చూడండి, కాదనను.

అపోహ: 1687లో మొగలులు ఫిరంగులతో గోడ పగలగొట్టి లోపలికొచ్చారు.

దాదాపు ఎనిమిది నెలలు పగలగొట్టాలనే చూశారు. గోడ కింద సొరంగం తవ్వి తుపాకిమందు కూరారు. లోపలివాళ్లు పసిగట్టి ఎదురు తవ్వి, చాలా మందు తోడేసి నీళ్లు పోశారు. మిగిలింది పేలితే రాళ్లు ఎగిరి మొగలు సైనికుల మీదే పడ్డాయి. వానలు, తిండి కరువు సరేసరి. చివరికి సెప్టెంబరులో అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తీసుకుని లోపలి నుంచి తలుపు తీశాడు. గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒంటి నిండా గాయాలతో పోరాడాడు. చివరి సుల్తాను తానాషా బందీగా దౌలతాబాద్ చేరాడు. నా మటుకు నాకు, ఆ గోడ ఓడిపోలేదు.

అపోహ: ఈ కోటంతా కాకతీయులదే.

వాళ్ల కాలం నాటిది మట్టికోట. 1360ల్లో అది బహమనీల చేతికి వచ్చింది. మనం చూసే రాతిగోడల్లో ఎక్కువ భాగం కుతుబ్‌షాహీలది. మక్కా దర్వాజా శాసనం 1559 నాటిది, అంటే ఇబ్రహీం కుతుబ్‌షా కాలం. ఇంకో మాట, కోటలో వజ్రాల గని కూడా లేదు. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల, బేరాలు ఇక్కడ.

అపోహ: చార్మినార్‌కి సొరంగం ఉంది.

మధ్యలో మూసీ ఉంది, మైళ్ల దూరం ఉంది, కింద నల్లరాయి ఉంది. అలాంటి సొరంగం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. మెట్ల పక్కన చీకటి కంత కనబడితే చాలు, పిల్లలు ‘అదిగో సొరంగం’ అని అరుస్తారు. ఫోన్ లైటు వేసి చూడమంటాను. గోడలో పొదిగిన మట్టి గొట్టాలు కనబడతాయి. కింది తొట్టిలోంచి పై తొట్టికి, అక్కడి నుంచి ఇంకా పైకి నీళ్లు తోడి, ఆ గొట్టాల్లోంచి మహళ్లకి పంపేవాళ్లు.