కిలోవాటు పోస్తే పదిహేను మిల్లీవాట్లు

ఇస్త్రీపెట్టె తినేంత కరెంటు తిని, చివరికి పదిహేను మిల్లీవాట్ల నీలి వెలుగు మాత్రం ఇచ్చే యంత్రాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు ఉన్నారు. అదీ కొత్తది కాదు, ఏ ల్యాబులోనో వాడి వాడి పక్కన పడేసింది. గాలితో చల్లబరిచే ఆర్గాన్ అయాన్ లేజర్ అంటారు దాన్ని. మూరెడు పొడవు రేకు డబ్బా, దాని మీద పెద్ద ఫ్యాన్, పక్కన మరో డబ్బాలో పవర్ సప్లై. గోడ సాకెట్ నుంచి కిలోవాటు దాకా లాగుతుంది. అందులో కిరణంగా బయటికొచ్చేది లక్షకు ఒకటో రెండో వంతులు. మిగతాదంతా వేడిగాలి.

ఈ దండగ ఎక్కడ జరుగుతుందో తెలిస్తే, పాత లేజర్ కొనేటప్పుడు ఏం చూడాలో సగం తెలిసినట్టే. ఆర్గాన్ మామూలుగా ఎవరి జోలికీ పోని వాయువు. దాన్ని లేజర్‌గా మార్చాలంటే ముందు పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి అయాన్ చేయాలి. ఆ తర్వాత ఆ అయాన్‌ను మళ్లీ పై శక్తి స్థాయికి ఎక్కించాలి. రెండు మెట్లూ కలిపి సుమారు 36 ఎలక్ట్రాన్ వోల్టులు అవుతాయి. అయాన్ తిరిగి కిందికి దిగుతూ ఇచ్చే నీలి ఫోటాన్‌లో ఉండేది రెండున్నర ఎలక్ట్రాన్ వోల్టులు. పైగా చాలా అయాన్లు ఆ పై మెట్టుకు చేరనే చేరవు. అందుకే వాయువు నింపి మూసేసిన ట్యూబులో, మిల్లీమీటరు వెడల్పు కూడా లేని సన్నటి రంధ్రం గుండా ఎనిమిది, పది ఆంపియర్ల కరెంటును తోస్తారు. ఇంట్లో ఏసీకి వెళ్లేంత కరెంటు సూది బెజ్జంలాంటి దారిలో పోతోందన్నమాట.

ఈ నీలి గీతను, అంటే ఒకే తరంగదైర్ఘ్యంలో వచ్చే ఈ వెలుగును, 1964లో అమెరికాలోని హ్యూస్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో విలియం బ్రిడ్జెస్ కనిపెట్టాడు. ఆయన పని చేస్తున్నది పాదరసపు అయాన్ లేజర్ మీద. తోడు వాయువుగా ఆర్గాన్ పెట్టి చూస్తే, పాదరసానిది కాని కొత్త వెలుగు 488 నానోమీటర్ల దగ్గర కనిపించింది. నాలుగేళ్ల ముందు మైమన్ మొట్టమొదటి రూబీ లేజర్‌ను వెలిగించిందీ ఆ సంస్థలోనే.

తర్వాత జీవశాస్త్ర ల్యాబులకు ఈ రంగు ప్రాణమైపోయింది. కణాలకు అంటించే ఫ్లోరెసీన్ అనే రంగుపదార్థం 494 నానోమీటర్ల దగ్గర వెలుగును పీల్చుకుని ఆకుపచ్చగా మెరుస్తుంది. 488 దానికి బాగా దగ్గర. కాబట్టి రక్తకణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్లలో, కాన్ఫోకల్ మైక్రోస్కోపుల్లో, డీఎన్ఏ సీక్వెన్సర్లలో ఆర్గాన్ ట్యూబే కూర్చుంది. మానవ జీనోమ్ చదవడానికి పెద్ద ఎత్తున వాడిన ఏబీఐ 3700 యంత్రాల్లోనూ అదే. షుగర్ ఉన్నవాళ్ల రెటీనాకు లేజర్ వైద్యం మొదట ఊపందుకున్నదీ ఆర్గాన్‌తోనే. ఇవాళ అదే 488 నానోమీటర్లను అరచేతిలో పట్టే సెమీకండక్టర్ లేజర్లు ఇస్తున్నాయి. ఫ్యాన్ మోత లేదు, కరెంటు బిల్లు లేదు. ల్యాబులు మారిపోయాయి. ఒకప్పుడు కొత్తగా కొనాలంటే వేల డాలర్లు అయిన ఆర్గాన్ హెడ్లు (ట్యూబు, ఫ్యాన్ ఉన్న డబ్బాలు) ఆన్‌లైన్ వేలంలో, హామ్ రేడియో సంతల్లో వంద, రెండొందల డాలర్లకే వచ్చేస్తున్నాయి.

చవక బేరమే, కానీ అందులో కొంటున్నదేమిటి? రేకు, ఫ్యాన్, తీగలు కావు. ట్యూబులో మిగిలిన ఆయుష్షు. అది బయటికి కనపడదు. ‘పవర్ ఆన్ అవుతోంది’ అని అమ్మేవాడు రాస్తే ఫ్యాన్ తిరుగుతోందని మాత్రమే అర్థం చేసుకోవాలి. ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్ ఉంటే దాని ఫొటో అడగాలి, కానీ దాన్నీ పూర్తిగా నమ్మలేం, ట్యూబ్ మార్చినా మీటర్ మార్చనివాళ్లు ఉంటారు, మీటర్ మార్చి ట్యూబ్ మార్చనివాళ్లూ ఉంటారు. నన్నడిగితే అన్నిటికన్నా మంచి ప్రశ్న ఒకటుంది: రాసిచ్చిన పవర్ రావడానికి ట్యూబ్ ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోంది? కొత్త ట్యూబ్ అదే వెలుగును తక్కువ కరెంటుతో ఇస్తుంది. ముసలిదయ్యేకొద్దీ పవర్ సప్లై కరెంటు పెంచుకుంటూ పోయి లోటు కప్పుతుంది. పరిమితి అంచున నడుస్తున్న ట్యూబ్ ఎంత ప్రకాశంగా కనిపించినా దానికి పెద్దగా రోజులు లేవు. వెలుగుతుండగా తీసిన వీడియో, అందులో ఆంపియర్ల అంకె లేకపోతే అది అలంకార వస్తువు ధరకే కొనాలి.

ఇంటికొచ్చాక ముందు పట్టించుకోవాల్సింది పవర్ సప్లైని. ఆర్గాన్ ట్యూబ్ నడవడానికి సుమారు వంద వోల్టుల డీసీ కావాలి. అమెరికాలో గోడ కరెంటు 110-120 వోల్టులే కాబట్టి అక్కడి తయారీదారులు చాలామంది మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా మెయిన్స్‌నే నేరుగా డీసీగా మార్చేశారు. ఖర్చు తగ్గింది, బరువు తగ్గింది. కానీ లోపలి బోర్డులో ఎక్కడ చెయ్యి పెట్టినా గోడ కరెంటులో పెట్టినట్టే. ఆసిలోస్కోపు గ్రౌండ్ క్లిప్ తగిలిస్తే ఢాం అంటుంది. మన దగ్గరికి అలాంటిది తెచ్చుకుంటే 230 వోల్టులకు నేరుగా పెట్టకూడదు, రెండు కేవీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, అదీ రెండు వైండింగులు విడివిడిగా ఉన్న ఐసోలేషన్ రకం అయితే మంచిది. ఏళ్లుగా మూల పడున్న సప్లైలో పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు పట్టు తప్పి ఉంటాయి. ట్యూబ్ తగిలించకుండా, డిమ్మర్‌స్టాట్ మీద వోల్టేజీని మెల్లగా పెంచుతూ వాటిని దారికి తేవాలి. దారికి రాకపోతే మార్చేయాలి. స్విచ్ ఆఫ్ చేశాక కూడా వాటిలో చార్జి నిలిచి ఉంటుంది, కాబట్టి డిశ్చార్జి చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఈ పనులు ఇంతకుముందు చేసినవాళ్లు పక్కన లేకుండా మొదటిసారి ఒంటరిగా చేయడం నేను ఒప్పుకోను.

ఫ్యాన్, హీట్‌సింక్ రెక్కలు శుభ్రం చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పాత హెడ్లు సగంలో ఆగిపోవడానికి పెద్ద కారణం అక్కడ పేరుకున్న దుమ్మే. వేడి పెరిగితే థర్మల్ స్విచ్ ఆపేస్తుంది. ఆఫ్ చేశాక ఫ్యాన్ కాసేపు తిరుగుతూనే ఉండాలి, వెంటనే ఆపితే ట్యూబ్ అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. ఇక్కడే ఇంకో జాగ్రత్త. ఆ సన్నటి రంధ్రం ఉన్న గొట్టాన్ని చాలా ట్యూబుల్లో బెరీలియం ఆక్సైడ్ అనే తెల్లటి సిరామిక్‌తో చేస్తారు. కరెంటును పోనివ్వదు, వేడిని మాత్రం అల్యూమినియంతో సమానంగా లాగేస్తుంది. అలాంటి పదార్థాలు అరుదు. గట్టి ముక్కగా ఉన్నంతసేపూ దాంతో బాధ లేదు. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం బెరీలియోసిస్ అనే నయం కాని జబ్బు తెచ్చిపెడుతుంది. కాబట్టి చచ్చిపోయిన ట్యూబును ‘లోపల ఏముందో చూద్దాం’ అని పగలగొట్టడం, రంపంతో కోయడం, అరగదీయడం ఎప్పుడూ చేయకూడదు.

ఇక ట్యూబ్. దాన్ని విప్పలేం, వాయువు నింపలేం. బాగుచేయడమంటే దాని చేత మెల్లగా పని చేయించడమే. వాడకుండా ఉంచిన ట్యూబులో గోడల నుంచి, లోహపు భాగాల నుంచి చిన్నచిన్నగా మలిన వాయువులు వదులుతాయి. అప్పుడు అది ‘మొండికేస్తుంది’. మామూలుగా కాథోడ్ అర నిమిషం ఎర్రగా కాగాక, వేల వోల్టుల దెబ్బ ఒకటి పడి వాయువు అంటుకోవాలి. మొండి ట్యూబులో టిక్ టిక్‌మని దెబ్బలు పడుతుంటాయి తప్ప వెలగదు. కొన్ని ప్రయత్నాలకు అంటుకుంటే గెలిచినట్టే. వెంటనే ఫుల్ పవర్‌కు పెంచకుండా నాలుగు ఆంపియర్ల దగ్గర, ఐడిల్‌లో, గంటల తరబడి వదిలేయాలి. నడుస్తున్న ప్లాస్మానే (అయాన్లుగా మారి వెలిగే వాయువే) ఆ మలినాలను గోడల్లోకి కొట్టి పాతేస్తుంది. మొదట వణుకుతూ ఉన్న కిరణం మధ్యాహ్నానికి నిలకడగా మారడం మామూలే. అందుకే ఇలాంటివి ఉన్నవాళ్లు అవసరం లేకపోయినా నెలకోసారి వెలిగించి ఉంచుతారు. లోపలి మెరుపు తెల్లటి నీలంగా కాకుండా గులాబీ, ఊదా రంగులో కనిపిస్తే మాత్రం బయటి గాలి చొరబడినట్టు. దానికి చేయగలిగింది ఏమీ లేదు.

ట్యూబు రెండు చివర్లా ఉండే అద్దాల మరలు తిప్పాలని చెయ్యి దురదపెడుతుంది. తిప్పొద్దు. ట్యూబుకే అతికి ఉన్న అద్దాలు ఫ్యాక్టరీలో సరిచేసినవి. వెలుగు తక్కువగా ఉంటే ముందు బయటి ముఖం మీది దుమ్ము చూడాలి: లెన్స్ టిష్యూ మీద శుద్ధమైన మెథనాల్ చుక్క వేసి, తడి టిష్యూను ఒక్కసారి మెల్లగా లాగేయాలి, రుద్దకూడదు. ‘చచ్చిపోయాయి’ అనుకున్న లేజర్లు కొన్ని ఇంతటితోనే లేస్తాయి.

నీలి లేజర్లలో ఇంకో పాత రకం హీలియం-కాడ్మియం. దాని గీత 441.6 నానోమీటర్లు, ఊదా వైపు మొగ్గిన లోతైన నీలం. క్రెడిట్ కార్డుల మీద మెరిసే హోలోగ్రాముల అసలు అచ్చులు చెక్కడానికి బాగా వాడారు. రంగు మోహంతో చాలామంది కొంటారు. కానీ హీలియం తరుగుతుంది, కాడ్మియం ఖర్చవుతుంది, ఆ లోహం విషం. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పను.

‘ఇంత తిప్పలెందుకు, ఒక వాటు నీలి లేజర్ డయోడ్ చవగ్గా వస్తుందిగా’ అనే మాట న్యాయమైనదే. జపాన్‌లో నిచియా కంపెనీలో పనిచేస్తూ షుజీ నకమురా 1996 నాటికి గాలియం నైట్రైడ్ లేజర్ డయోడ్‌ను వెలిగించి చూపాడు. 2010లో కేసియో ప్రొజెక్టర్లలో 445 నానోమీటర్ల డయోడ్లు గుత్తులుగా రావడంతో, హాబీవాళ్లు కొత్త ప్రొజెక్టర్లనే విప్పి డయోడ్లు పీక్కున్నారు. కానీ ఆ వెలుగు పొడుగాటి పట్టీలా వస్తుంది, దాన్ని చిన్న చుక్కగా కూర్చడం కష్టం. రంగూ ఒక్క గీతలా కాకుండా పలచగా పరచుకుని ఉంటుంది. ఆర్గాన్ కిరణం గుండ్రంగా, నికార్సుగా వస్తుంది, రంగు సన్నటి గీతలుగా ఉంటుంది. దాంతో ప్రయోగం చేయొచ్చు. డయోడ్‌తో ఎక్కువగా చెక్క కాల్చుకోవచ్చు.

కంటి సంగతి డయోడ్ దగ్గరే మరీ మోసం. 445 నానోమీటర్లకు మన కన్ను ఆకుపచ్చతో పోలిస్తే ముప్పయ్యో వంతే స్పందిస్తుంది. అంటే మసకగా కనిపించే కిరణంలోనే రెటీనాను కాల్చే శక్తి ఉంటుంది. పదిహేను మిల్లీవాట్ల ఆర్గాన్ కూడా రెప్ప పడేలోపే హాని చేయగలదు. ఆ తరంగదైర్ఘ్యానికి పరీక్షించి ముద్ర వేసిన నారింజరంగు కళ్లద్దాలు లేజర్‌తో పాటే కొనాలి. వాటికి డబ్బు లేకపోతే లేజర్‌కూ లేనట్టే.

లేచిన ఆర్గాన్‌తో హాబీవాళ్లు చేసే ప్రయోగాల్లో నాకు బాగా నచ్చేది రామన్ స్పెక్ట్రమ్. 1928లో రామన్, కృష్ణన్ కలకత్తాలో సూర్యకాంతితో మొదలుపెట్టి, తర్వాత పాదరసపు దీపంతో చూసింది ఇదే. చిన్న సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి 488 కిరణం పంపితే, పక్కకు చెదిరే వెలుగులో అతి కొద్ది భాగం రంగు మారి వస్తుంది. కార్బన్-హైడ్రోజన్ బంధాల కంపనం వల్ల వచ్చే గీతలు 568 నానోమీటర్ల చుట్టుపక్కల పసుపుపచ్చ ప్రాంతంలో పడతాయి. నీలి కిరణంతో ఈ చెదిరింపు ఎర్ర కిరణంతో కన్నా చాలా బలంగా ఉంటుంది, తరంగదైర్ఘ్యం తగ్గినకొద్దీ నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఒక్క చిక్కు ఉంది. లేజర్‌గా మారని ఆర్గాన్ మెరుపు కూడా కిరణం వెంట కాస్త బయటికొస్తుంది, దాని సొంత గీతలు స్పెక్ట్రమ్‌లో అక్కడక్కడ తేలి రామన్ గీతల్లా నటిస్తాయి. వాటిని ఆపడానికి సీసాకు ముందు 488ని మాత్రమే పోనిచ్చే సన్నటి ఫిల్టర్ పెట్టుకోవాలి. అలాంటి ఫిల్టర్లు కూడా పాత సైటోమీటర్లలోంచి ఊడదీసినవే సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంటాయి.