డార్క్ సైడ్‌కి ముందు ఏముండేది: నిక్ మేసన్ వెనక్కి నడిచిన దారి

లండన్‌లోని కామ్డెన్‌లో కాలువ పక్కన డింగ్‌వాల్స్ అని ఒక క్లబ్ ఉంది. కొన్ని వందల మంది నిలబడితే నిండిపోయే చోటు. 2018 మే 20 రాత్రి అక్కడ డ్రమ్స్ వెనక కూర్చున్న మనిషికి 74 ఏళ్లు. పేరు నిక్ మేసన్. బ్రిటిష్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ మొదటి ఆల్బమ్ నుంచి చివరి ఆల్బమ్ దాకా అన్నిట్లోనూ ఉన్నది ఆయనొక్కరే. ఇంట్లో ఫెరారీలున్నాయి, లె మాన్ రేసులో ఐదుసార్లు కారు తోలారు. క్లబ్బులో వాయిస్తే వచ్చే డబ్బుతో ఆయనకు పనిలేదు. ఆ రాత్రి ఏం వాయించారో చూస్తే ఇంకా ఆశ్చర్యం. 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్ వచ్చిన 1973 నుంచి పుట్టిన పాట ఒక్కటి కూడా లేదు. పింక్ ఫ్లాయిడ్ అనగానే జనం నోట వచ్చే పాటలన్నీ పక్కన పెట్టేశారు.

పాత బ్యాండ్లు మళ్లీ రోడ్డెక్కడం వింతేమీ కాదు. రికార్డులు అమ్ముడుపోని కాలంలో, స్ట్రీమింగ్‌లో చిల్లర రాలే కాలంలో, సంపాదనంతా టికెట్ల మీదే. డెబ్భై దాటినవాళ్లు కూడా వచ్చి, హిట్లు వాయించి, దండం పెట్టి వెళ్తున్నారు. జెనెసిస్ మాజీ గిటారిస్టు స్టీవ్ హాకెట్ తమ బ్యాండ్ 1970ల నాటి పాటల్ని ఏళ్ల తరబడి ఊరూరా తిప్పుతున్నారు. మేసన్ దారి వేరు. ఆయన ఎత్తుకున్నవి ఎక్కువగా బ్యాండే మధ్యలో వదిలేసిన పాటలు. ఎందుకు వదిలేశారో తెలియాలంటే 1966 దగ్గరికి వెళ్లాలి.

మేసన్, రోజర్ వాటర్స్, రిక్ రైట్ ముగ్గురూ లండన్ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదవడానికి చేరినవాళ్లు. వీళ్లకు తోడైన సిడ్ బారెట్ కేంబ్రిడ్జి కుర్రాడు, బొమ్మలేయడం నేర్చుకోవడానికి లండన్ వచ్చాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ కళాకారుల పేర్లు కలిపి బ్యాండుకి పేరు పెట్టింది అతనే. పాటలు రాసిందీ, పాడిందీ, గిటార్ వాయించిందీ అతనే. సిగరెట్ లైటర్‌ని గిటార్ తీగల మీద జారిస్తూ, ఆ చప్పుడుని ఇటలీ తయారీ ఎకో మెషిన్ గుండా పంపేవాడు. ఏ వాయిద్యం మోగుతోందో వినేవాళ్లకు అంతుబట్టేది కాదు.

1966 డిసెంబరులో టాటెనమ్ కోర్ట్ రోడ్డులో ఒక సినిమా హాలు కింద ఉన్న ఐరిష్ డాన్స్ హాలులో యూఎఫ్ఓ అనే క్లబ్ తెరిచారు. రాత్రంతా నడిచేది. గాజు స్లైడ్ల మధ్య రంగు నూనెలు కరుగుతుంటే ఆ వెలుగు బ్యాండు మీద పడేది, ముఖాలు కనిపించేవి కావు. పాట ఎంతసేపు సాగుతుందో బ్యాండుకే తెలిసేది కాదు. మన కచేరీ భాషలో చెప్పాలంటే పల్లవి మాత్రం ఖాయం, మిగతాదంతా ఆ రాత్రి మనోధర్మం. 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్' అలాంటిదే. మొదట్లో ఒక గట్టి వరస, ఆఖర్న అదే వరస, మధ్యలో ఎవరిష్టం వాళ్లది.

ఆ దశ ఎంత ముచ్చటగా ఉండేదో 1967 మే 12 నాటి కచేరీ చెబుతుంది. క్వీన్ ఎలిజబెత్ హాల్ అంటే శాస్త్రీయ సంగీతానికి కట్టిన హాలు. అక్కడ శబ్దాన్ని హాలు నాలుగు మూలలకూ తిప్పే పెట్టె ఒకటి వాడారు. అబ్బే రోడ్ రికార్డింగ్ స్టూడియో ఇంజినీరు ఒకాయన చేసిచ్చింది. రైట్ ఆ పెట్టె మీది చిన్న కర్రలాంటి మీటను పట్టుకుని తిప్పితే అడుగుల చప్పుడు జనం వెనక నుంచి నడిచొచ్చేది. సబ్బు బుడగలు వదిలారు, పూలు పంచారు. మర్నాటికి సీట్ల మీద మరకలు. హాలువాళ్లు ఇంకోసారి రావద్దన్నారు. ఆ పెట్టెనేమో ఎవరో ఎత్తుకుపోయారు. సరౌండ్ సౌండ్ గొప్పలు విన్నప్పుడల్లా ఆ దొంగ ఎవరో అనుకుంటాను.

మొదటి ఆల్బమ్‌ని అబ్బే రోడ్‌లో, పక్క స్టూడియోలో బీటిల్స్ పనిచేస్తున్న రోజుల్లోనే రికార్డు చేశారు. 1967 ఆగస్టులో వచ్చింది. 'సీ ఎమిలీ ప్లే' సింగిల్ బ్రిటన్ చార్టుల్లో 6వ స్థానానికి ఎక్కింది. సిడ్‌కి అప్పుడు 21 ఏళ్లు. ఏడాది తిరిగేసరికి అతను బ్యాండులో లేడు.

ఏమైందన్న దాని మీద పుస్తకాలే ఉన్నాయి. ఎల్‌ఎస్‌డీ మత్తుమందు అన్నవాళ్లున్నారు, మానసిక అనారోగ్యం అన్నవాళ్లున్నారు, మోయలేని పేరు అన్నవాళ్లూ ఉన్నారు. బయటికి కనిపించింది ఇదీ: అమెరికా టూర్లో వేదిక మీద గిటార్ తీగలు వదులు చేసుకుంటూ నిలబడ్డాడు, టీవీ షోలో ప్రశ్న అడిగితే శూన్యంలోకి చూశాడు. రిహార్సల్లో కొత్త పాట నేర్పిస్తానని మొదలుపెట్టి, మిగతావాళ్లు పట్టుకునే లోపే వరస మార్చేసేవాడు. మళ్లీ మొదలు, మళ్లీ మార్పు. ఆ పాటలో పల్లవి, 'ఇంకా పట్టుకోలేదా?' అని. వాటర్స్ చాలాసేపు ప్రయత్నించి, తమతో ఆడుకుంటున్నాడని అర్థమయ్యాక బాస్ గిటార్ కింద పెట్టేశాడు.

1968 జనవరిలో సిడ్ చిన్ననాటి స్నేహితుడు డేవిడ్ గిల్మర్‌ని తెచ్చుకున్నారు. కొన్ని వారాలు ఐదుగురు. ఒకరోజు సౌతాంప్టన్‌లో కచేరీకి బయల్దేరినప్పుడు కారులో ఒకరు సిడ్‌ని ఎక్కించుకుందామా అని అడిగారు, అక్కర్లేదని ఇంకొకరన్నారు. అంతే. ఒక మనిషిని బ్యాండులోంచి తీసేయడం ఇంత తేలిగ్గా జరిగిపోయింది. మాట్లాడుకున్నదీ లేదు, పోట్లాడుకున్నదీ లేదు. అతని ఇంటివైపు బండి తిప్పలేదు.

పాటల రచయిత పోయాక ఏం చేయాలో మిగిలిన నలుగురికీ తెలియలేదు. మేనేజర్లు కూడా సిడ్ వెంటే వెళ్లిపోయారు. ఆ తర్వాతి నాలుగైదేళ్లు చీకట్లో తడుముకున్న కాలం, నా దృష్టిలో వాళ్ల సంగీతంలో అత్యంత ఆసక్తికరమైన కాలం కూడా. రెండో ఆల్బమ్ టైటిల్ పాటకి మేసన్, వాటర్స్ స్వరాలు రాయలేదు. ఆర్కిటెక్చర్ చదివిన అలవాటుతో కాగితం మీద ఎత్తుపల్లాల ప్లాను గీశారు. ఎక్కడ గొడవ పెరగాలి, ఎక్కడ తగ్గాలి, అదీ ఆ గీత చెప్పేది. సినిమాలకు సంగీతం చేశారు, ఒక పాటకి ఇత్తడి బాకాల బృందాన్ని, గాయక బృందాన్ని పెట్టారు. 1971లో 23 నిమిషాల 'ఎకోస్' వచ్చింది. రైట్ పియానో మీద మీటిన ఒకే ఒక్క స్వరం తిరిగే స్పీకర్లోంచి 'టింగ్' మని నీటిచుక్కలా పడుతుంది, మిగతా పాటంతా దాని చుట్టూ అల్లుకుంది.

ఆ ఏడాది అక్టోబరులోనే పాంపేయి శిథిలాల్లో, ప్రేక్షకులు లేని రంగస్థలంలో సినిమా తీశారు. లండన్ నుంచి లారీలో సామాను వచ్చింది కానీ కరెంటు లేదు. ఉన్న కొద్ది రోజుల్లో కొన్ని ఆ గొడవకే పోయాయి. చివరికి ఊళ్లోంచి శిథిలాల దాకా వీధుల వెంట కేబుల్ లాగారు. తర్వాత కొన్ని రీళ్లు పోయాయి. అందుకే 'వన్ ఆఫ్ దీజ్ డేస్' పాటంతా కెమెరా మేసన్ మీదే ఉంటుంది. ఆ పాట మధ్యలో ఆయన చేతిలోంచి ఒక పుల్ల జారిపోతుంది. రెండో చెయ్యి ఆగదు, ఖాళీ అయిన చెయ్యి ఇంకో పుల్ల అందుకుంటుంది, తాళం తప్పదు. డ్రమ్స్ నేర్చుకునే పిల్లలకు మొదట చూపించాల్సిన ముక్క అది.

1973 మార్చిలో 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' వచ్చింది. అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 1988 దాకా 741 వారాలు కనిపించిన ఆల్బమ్ అది. దాంతో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, అంతకుముందు చేసినదంతా జనం దృష్టిలో అభ్యాసం కింద లెక్కకట్టబడింది. రెండోది నాకు ముఖ్యమనిపిస్తుంది. స్టేడియాలు వచ్చాయి, తెర మీద సినిమా వచ్చింది. సినిమాతో పాట కలవాలంటే సెకను తేడా రాకూడదు. 'ద వాల్' నాటికి వేదిక మీద గోడ కట్టేవాళ్ల లెక్కకి తగ్గట్టు సంగీతం నడవాలి. చెవిలో తాళం కొలిచే క్లిక్ కొడుతుంటే మనోధర్మానికి చోటేది? ఆ ఇబ్బంది అందరికంటే ముందు తగిలేది డ్రమ్మర్‌కే.

1985లో వాటర్స్ బయటికొచ్చి, బ్యాండు అయిపోయింది, ఆ పేరు ఎవరూ వాడకూడదన్నారు. కోర్టు దాకా వెళ్లి 1987 చివర్లో రాజీపడ్డారు. పేరు గిల్మర్, మేసన్‌ల దగ్గర ఉండిపోయింది. 1987 టూర్లో 'ఎకోస్' మొదటి కొన్ని రాత్రులు వాయించి తీసేశారు. పాత పాటలకు దారి అలా మూసుకుపోయింది. 2002లో వాటర్స్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మేం అరిచింది 'ద వాల్' పాటల కోసమే, ఒప్పుకోవాలి. ఆ టూరే జూన్‌లో లండన్ వెంబ్లీకి చేరినప్పుడు మేసన్ వచ్చి 1968 నాటి 'సెట్ ద కంట్రోల్స్ ఫర్ ద హార్ట్ ఆఫ్ ద సన్'కి డ్రమ్స్ వాయించారు. ఇద్దరూ ఒకే వేదిక ఎక్కి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

2005 జులైలో లైవ్ 8 అనే కచేరీ కోసం నలుగురూ హైడ్ పార్కులో కలిశారు. మరుసటేడు జులై 7న సిడ్ పోయాడు. కేంబ్రిడ్జిలో తోట పని చేసుకుంటూ, బొమ్మలేసుకుంటూ, సంగీతం ఊసెత్తకుండా ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. 2008లో రైట్ కేన్సర్‌తో పోయారు. గిల్మర్, వాటర్స్ మధ్య మాటల్లేవు. మిగిలింది మేసన్. గిటారిస్టు ఒంటరిగా టూర్ చేయగలడు, పాడేవాడూ చేయగలడు. డ్రమ్మర్ ఒక్కడే వెళ్లి ఏం చేస్తాడు?

2016 నవంబరులో 1965-72 నాటి రికార్డింగులు కలిపి 27 డిస్కుల పెట్టె విడుదల చేశారు. 2017లో లండన్ వీ అండ్ ఏ మ్యూజియంలో పింక్ ఫ్లాయిడ్ ఎగ్జిబిషన్. అద్దాల వెనక తన డ్రమ్స్, తన యవ్వనం. దాని గురించి మాట్లాడీ మాట్లాడీ తాను చరిత్ర అయిపోయానన్న భావన వచ్చిందని మేసన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకొచ్చారు. సరిగ్గా అప్పుడు గిటారిస్టు లీ హారిస్ ఈ ఆలోచనతో వచ్చాడు. మొదటి రోజుల పాటలే వాయిద్దాం, హిట్లు వద్దు. బాస్ మీద 1987 నుంచి ఫ్లాయిడ్‌తో తిరిగిన గై ప్రాట్, కీబోర్డుల మీద డామ్ బెకెన్. పాడటానికి, గిటార్‌కి స్పాండౌ బ్యాలే అనే బ్యాండుకి చెందిన గ్యారీ కెంప్. 1980ల్లో సూట్లేసుకుని మెత్తటి పాప్ పాటలు చేసిన మనిషి సిడ్ పాటలు పాడటమేంటని ముఖం చిట్లించినవాళ్లున్నారు. డింగ్‌వాల్స్ తర్వాత ఆ గొణుగుడు తగ్గింది. కెంప్ సిడ్‌ని అనుకరించడు, పాటని పాడతాడు.

ఇక్కడో తేడా చెప్పాలి. పింక్ ఫ్లాయిడ్ పాటల్ని అచ్చుగుద్దినట్టు వాయించే ట్రిబ్యూట్ బ్యాండ్లు చాలా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పుట్టిన ఒక దాన్ని గిల్మర్ తన 50వ పుట్టినరోజుకి పిలిపించుకున్నారు కూడా. మన దగ్గర పాతపాటల ఆర్కెస్ట్రాల్లో ఘంటసాల గొంతుతో పాడేవాళ్లు ఉన్నట్టే. రికార్డులో ఉన్నది ఉన్నట్టు రావడమే అక్కడ మెచ్చుకోలు. ఈ పాటల విషయంలో ఆ కొలత పనికిరాదు. 1967లో ఇవి రెండు రాత్రులు ఒకేలా వాయించినవి కావు కదా, ఏ రాత్రిని అచ్చు గుద్దాలి? మేసన్ బ్యాండు ఆ స్వేచ్ఛనే తిరిగి తెచ్చుకుంది, ఫ్లాయిడ్ రెండో ఆల్బమ్ పేరే పెట్టుకుంది: సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్.

వాళ్ల జాబితాలో 'వెజిటబుల్ మ్యాన్' కూడా చేరింది. 1967 అక్టోబరులో సిడ్ తను వేసుకున్న బట్టల్ని తానే వెటకారం చేసుకుంటూ రాసిన పాట. వినడానికి భయమేసేంత నిజం ఉందని అప్పట్లో పక్కన పెట్టేశారు, 2016 పెట్టె వచ్చేదాకా అధికారికంగా బయటికి రాలేదు. సిడ్‌తో కలిసి ఆ పాట రికార్డు చేసిన డ్రమ్మరే 51 ఏళ్ల తర్వాత దాన్ని జనం ముందు వాయించారు.

సెట్ ద కంట్రోల్స్ పాటలో మేసన్ మెత్తటి గుడ్డ చుట్టిన పుల్లలతో డ్రమ్స్ మీద వలయంలా తిరుగుతారు. దానికి పెద్ద కంచు గాంగ్ కావాలి. పాతరోజుల్లో గాంగ్ కొట్టే హక్కు వాటర్స్‌దే, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదని మేసన్ వేదిక మీద ఏడిపిస్తూ, ఇప్పుడు తానే కొడుతుంటారు. 2019 ఏప్రిల్ 18న న్యూయార్క్ బీకన్ థియేటర్లో ఆ పాట వేళకి వాటర్స్ స్వయంగా వేదిక ఎక్కారు, పాడారు, గాంగ్ కొట్టారు. 2002లో జరిగింది తిరగబడింది.

గిల్మర్ దారి మరోలా ఉంది. రైట్ లేకుండా 'ఎకోస్' వాయించనన్నారు, వాయించలేదు. 2016లో పాంపేయికి తిరిగి వెళ్లినప్పుడు కూడా ఆ పాట లేదు. అది గౌరవమే, కాదనలేను. వాటర్స్ 2023లో డార్క్ సైడ్ మొత్తాన్ని ముసలి గొంతుతో మళ్లీ రికార్డు చేశారు. 2024లో బ్యాండు రికార్డింగుల హక్కులు సోనీకి వెళ్లాయి, ధర దాదాపు 40 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. 2025లో పాంపేయి సినిమాని శుభ్రం చేసి థియేటర్లకు వదిలారు, దాని ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. ఒకప్పుడు అభ్యాసం అనుకున్న సంగీతమే అది.

మేసన్ బృందం మాత్రం 'ఎకోస్'ని తన కచేరీల్లో చేర్చుకుంది. 2023 జులైలో ఆయన అదే పాంపేయి రంగస్థలంలో మళ్లీ కూర్చున్నారు. అప్పటికి 79 ఏళ్లు. 1971లో కెమెరావాళ్లు, సామాను మోసేవాళ్లు తప్ప ఎవరూ లేని చోట ఈసారి టికెట్ కొన్న జనం ఉన్నారు. ఈ బృందం 'ఎకోస్' ఎత్తుకున్నప్పుడు రైట్ స్వరాన్ని, ఆ 'టింగ్' ని, మీటేది డామ్ బెకెన్. పక్కన బాస్ మీద ఉండే గై ప్రాట్ ఒకప్పుడు రైట్ ఇంటి అల్లుడు.